విశ్రాంతి దొరికిన చోటు: సహోదరుడు భక్తసింగ్ గారి జీవితము

మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండినవి. ఈ సంచికలో పెద్దలు గుడుల చరిత్ర, బడుల చరిత్ర, మిషనరీల సేవ గురించి వ్రాస్తున్నారు. మేము ఒక మనుష్యుని గురించి వ్రాయదలచాము. ఆయన మన మండలములోని వాడు కాడు. అయినను ఈ నగరములో మన సంఘస్థులు వందలాదిగా ఆయన మాట వినడానికి వెళ్లారు. వారు ఎందుకు వెళ్లారో తెలిసికొనుట మనకు మేలు.

ముందుగా ఒక చిన్న పని చేయండి. సాయంకాలము ఆరు గంటల వేళ మొజంజాహీ మార్కెట్ గడియారపు గోపురము ఎదుట పది నిమిషములు నిలబడి చూడండి. అది ఏడవ నిజాము కాలములో 1935లో కట్టిన రాతి కట్టడము. నిజాము గారి రెండవ కుమారుని పేరు దానికి పెట్టారు. ఒకప్పుడు పండ్ల గంపలతో నిండి ఉండేది. 1980లలో పెద్ద పండ్ల మార్కెట్టు కొత్తపేటకు తరలిపోయింది. కాలక్రమమున పాడైన ఆ కట్టడమును బాగుచేసి 2020లో మరల తెరిచారు. ఐస్‌క్రీము దుకాణముల ముందు పిల్లలు, అత్తరు సీసాల ముందు పెద్దలు, నాంపల్లి స్టేషను వైపు సంచులు మోసుకొని పరుగెత్తే ప్రయాణికులు, అబిడ్స్ వైపు నుండి ఆఫీసులు వదలి వచ్చే జనము, నడుమ కదలలేక హారను మ్రోగించే బస్సులు. ఆ ముఖములను చూస్తే నవ్వుతున్నవి కొన్ని, అలసినవి అనేకము.

ఆ జనములో మన వారు కూడ ఉన్నారు. ఆదివారము గుడిలో తెల్లని బట్టలతో కూర్చుండి కీర్తనలు పాడేవారే. వారమంతా వారి గుండెలలో ఏమి జరుగుచున్నదో మేము ఇండ్లు దర్శించినప్పుడు గాని బయటపడదు. పిల్లవాని కాలేజీ ఫీజు, ఫ్లాటు వాయిదా, ఆఫీసులో పైవాని మాట, రాత్రి డ్యూటీల వలన పట్టని నిద్ర, చీటీ పాడి తెచ్చిన డబ్బు ఎక్కడికి పోయిందో భార్యకు చెప్పలేని భయము. ఈ బరువు నుండి తప్పించుకొనడానికి ప్రతివాడును ఏదో ఒక దారి వెదకుకొంటాడు. మన తాతల కాలములో అది కల్లు దుకాణము. మన తండ్రుల కాలములో అబిడ్స్‌లోని జమ్రూద్ మహల్, ప్యాలెస్ టాకీసుల వంటి సినిమా హాళ్లు. ఆ హాళ్లు మూతబడినవి. ఇప్పుడు ఆ తెర అరచేతిలోనికి వచ్చి, రాత్రి రెండు గంటల వరకు వెలుగుచున్నది. దారి మారింది గాని పరుగు మారలేదు.

ఆ పరుగును స్వయముగా పరుగెత్తి, దాని చివర ఏమీ లేదని తెలిసికొని, ఆగిపోయిన మనుష్యుడు సహోదరుడు భక్తసింగ్ గారు.

పంజాబు నుండి లండనుకు

భక్తసింగ్ గారు 1903వ సంవత్సరము జూన్ 6న పంజాబులోని జోయియా అను గ్రామమున జన్మించారు. నేడు ఆ ప్రాంతము పాకిస్తానులో ఉన్నది. వారిది కలిగిన కుటుంబము, సిక్కు మతస్థులు. ఆయన బాల్యములో క్రైస్తవ మిషను బడిలోనే చదివారు, హాస్టలులోనే ఉన్నారు. అయినను క్రైస్తవ మతమంటే ఆయనకు గిట్టేది కాదు. ఒకసారి ఆయనకు బైబిలు గ్రంథము బహుమానముగా ఇచ్చారు. దాని తోలు అట్ట అందముగా ఉన్నదని అట్టను ఉంచుకొని, లోపలి కాగితములను చించివేశారు. ఈ సంగతిని తరువాత ఆయనే సిగ్గుపడకుండ అనేక సభలలో చెప్పుకొనేవారు.

లాహోరులో కాలేజీ చదువు ముగిసిన తరువాత ఇంగ్లాండు వెళ్లి ఇంజనీరు కావలెనని ఆయన కోరిక. ఇంట వ్యాపారముండగా పరదేశమెందుకని తండ్రి అడ్డుపడ్డారు. తల్లి మాత్రము కొడుకు పక్షము వహించారు. అయితే మతము మార్చుకొననని మాట ఇమ్మని అడిగారు. ఆయన మాట ఇచ్చారు. ఆ మాట తరువాత ఎంత బరువైనదో ఆనాడు ఇద్దరికీ తెలియదు.

1926లో ఆయన లండను చేరి ఇంజనీరింగు చదువులో చేరారు. కొంతకాలము తన ఆచారములను కాపాడుకొన్నారు. తరువాత కేశములు తీయించివేశారు. సిగరెట్టు వచ్చింది, మద్యము వచ్చింది, ఖరీదైన సూట్లు వచ్చినవి. నాటకశాలలు, సినిమాలు, నాట్యశాలలు, ఐరోపా దేశములలో విహారము. దేవుడు లేడనే వారి గోష్ఠిలో చేరిపోయారు. నాగరికత అంటే ఇదే, సంతోషమంటే ఇదే అని అనుకొన్నారు. అయితే తాను ఆనందిస్తున్నానా లేదా అని తనను తాను ప్రశ్నించుకొన్నప్పుడు లోపల జవాబు దొరకలేదు. తోటివారిని చూచినను అంతే. పైకి నవ్వు, లోపల ఖాళీ. దీనిని మనము తేలికగా తీసికొనకూడదు. ఆయనకు డబ్బు కొదువ లేదు, చదువు కొదువ లేదు, స్నేహితులు కొదువ లేదు. ఇవన్నీ లేనందు వలననే మనకు శాంతి లేదని అనుకొనేవారు ఈయన సాక్ష్యమును ఆలోచించవలెను.

ఓడలో వంగిన మోకాళ్లు

1928వ సంవత్సరము వేసవిలో ఆయన ఓడలో కెనడాకు ప్రయాణమయ్యారు. ఓడలోని భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరుగుచున్నదని తెలిసి, ఏమి చేస్తారో చూద్దామని వెళ్లి కూర్చున్నారు. అందరును ప్రార్థనకు మోకరించారు. ఆయన మోకరించలేదు. చదువు గర్వము, జాతి గర్వము, మత గర్వము మూడును అడ్డు వచ్చినవి. బయటికి పోదామంటే దారి లేకుండ ఇరువైపుల జనము మోకరించి ఉన్నారు. ఇతర మతముల ఆరాధన స్థలములకు వెళ్లినప్పుడు మర్యాద కొరకు చెప్పులు విడిచితిని గదా, ఇక్కడ కూడ మర్యాద పాటించుట న్యాయమే అని తలంచి మోకరించారు. మోకరించిన క్షణమున ఆయన శరీరము వణికినది. గర్వమంతా ఎవరో తీసివేసినట్లు అనిపించింది. ఆ దినము నుండి యేసు అను నామము ఆయనకు తియ్యనైనది. ఎందుకో ఆయనకే తెలియదు.

యోనా ప్రవక్త కూడ ఓడ ఎక్కాడు. అతడు దేవుని ఎదుట నుండి పారిపోవడానికి ఎక్కాడు. ఓడ అడుగున నిద్రపోయాడు గాని విశ్రాంతి పొందలేదు. నిద్ర వేరు, విశ్రాంతి వేరు. మన భక్తసింగ్ గారు కూడ పారిపోవుచునే ఓడ ఎక్కారు గాని ఆ ఓడలోనే దేవుడు ఆయనను నిలువరించాడు. సముద్రము నడుమ మనుష్యుడు పరుగెత్తడానికి చోటు ఉండదు గదా.

విన్నిపెగ్‌లో మంచు కురిసిన దినము

1929లో ఆయన వ్యవసాయ ఇంజనీరింగు చదువు నిమిత్తము కెనడా దేశములోని విన్నిపెగ్ నగరమునకు వచ్చారు. ఆ డిసెంబరు నడిమిలో ఒక స్నేహితుని బైబిలు అడిగారు. ఒకప్పుడు బైబిలును చించివేసిన చేతులే అవి. స్నేహితుడు జేబులో ఇమిడే క్రొత్త నిబంధన ఇచ్చాడు. ఆ రాత్రి గదిలో మత్తయి సువార్త మొదలుపెట్టి తెల్లవారుజాము మూడు గంటల వరకు చదివారు. మరునాడు బయట మంచు కురియుచుండగా కదలకుండ మరల చదివారు. ఆ మరునాడు యోహాను సువార్త మూడవ అధ్యాయమునకు వచ్చారు. నీకొదేముతో ప్రభువు క్రొత్త జన్మను గూర్చి మాట్లాడిన మొదటి మాట దగ్గర ఆగిపోయారు. ఆ మాట తనతోనే చెప్పబడుచున్నట్లు గుండె కొట్టుకొన్నది. తన పాపములన్నియు ఒక్కొక్కటిగా కన్నుల ఎదుట నిలిచినవి. తాను చేసినవాటికి తానే బాధ్యుడనని ఒప్పుకొని ఏడ్చారు. అప్పుడు ప్రభువు శరీరము తన కొరకే విరువబడిందనియు, ఆ రక్తము తన పాపక్షమాపణ కొరకే చిందింపబడిందనియు ఆయన హృదయములో నిశ్చయత కలిగినది. దానితో పాటు సంతోషము, శాంతి కలిగినవి.

ప్రియులారా, ఇక్కడ ఒక్క విషయమును గుర్తించండి. ఆ గదిలో సంగీతము లేదు, సభ లేదు, ప్రసంగీకుడు లేడు. ఆయన బరువు దిగిపోయినది దానిని మరచిపోయినప్పుడు కాదు, దానిని చూచి ఒప్పుకొన్నప్పుడు. సినిమా మనకు రెండున్నర గంటలు మన అప్పును మరపింపజేస్తుంది. దీపములు వెలిగిన తరువాత అప్పు అక్కడే ఉంటుంది, వడ్డీ కూడ పెరిగి ఉంటుంది. క్షమాపణ అలాగు కాదు. అది దాచిన చీటీని బయట పెట్టమంటుంది. పెట్టిన తరువాత దానిని తీర్చివేస్తుంది.

ఆ తరువాత పత్రికలను, నవలలను ప్రక్కన పెట్టి, ఆయన రాత్రింబవళ్లు బైబిలే చదివారు. విన్నిపెగ్‌లో జాన్, ఎడిత్ హేవర్డ్ అను విశ్వాసులైన దంపతులు ఆయనను తమ ఇంట చేర్చుకొని ఆదరించారు. పరదేశి విద్యార్థికి ఒక క్రైస్తవ ఇంటి తలుపు తెరువబడుట ఎంత గొప్ప పరిచర్యయో మన మండలములో హాస్టళ్ల చుట్టుప్రక్కల ఉండే కుటుంబములు ఆలోచించవలెను. 1932 ఫిబ్రవరి 4న వాంకూవరు నగరములో ఆయన బాప్తిస్మము పొందారు. అదే సంవత్సరము తన జీవితమును పూర్తిగా దేవుని సేవకు అప్పగించుకొన్నారు. పంజాబులోని ఆస్తిపై హక్కును వదులుకొనవలెననియు, ఏ ఒక్క సంస్థకు చెందక అందరిని సమానముగా సేవింపవలెననియు ప్రభువు తన్ను అడిగినట్లు ఆయన గ్రహించారు.

బొంబాయి రేవులో

శాంతి పొందిన మనుష్యుడు ఏమి చేయవలెను? కెనడాలోనే ఉండిపోవచ్చును. ఇంజనీరు చదువు ఉన్నది, ప్రేమించే ఇల్లు ఉన్నది, సంఘము ఉన్నది. తల్లికి ఇచ్చిన మాటను అక్కడ ఎవ్వరును జ్ఞాపకము చేయరు. అదియే ఆయనకు సులభమైన దారి. ఆయన దానిని ఎన్నుకొనలేదు. తాను మారిన సంగతి ముందే తండ్రికి ఉత్తరము వ్రాసి, 1933 ఏప్రిల్ 6న బొంబాయిలో దిగారు.

తల్లిదండ్రులు ఎంతో దూరము నుండి ఆయనను కలిసికొనడానికి వచ్చారు. ఏడేండ్ల తరువాత కొడుకును చూచుట అది. ఇంటి పరువు కొరకు ఈ సంగతి బయటికి చెప్పవద్దు, మనస్సులో ఏమి నమ్ముకొన్నను నమ్ముకో అని బ్రతిమాలారు. ఊపిరిని దాచుకొని బ్రదుకుట ఎట్లు సాధ్యము కాదో ప్రభువును దాచుకొని బ్రదుకుటయు తనకు సాధ్యము కాదని ఆయన వినయముగా చెప్పారు. తల్లిదండ్రులు ఆయనను అక్కడే విడిచి వెళ్లిపోయారు. లండనులో ఖరీదైన సూట్లు తొడిగిన ఆ యువకుడు తెలియని నగరములో ఇల్లు లేక నిలిచారు. ఆ బొంబాయి వీధులలోనే సువార్త చెప్పుట మొదలుపెట్టారు.

మేము ఈ జీవితమును ఎన్నుకొన్నది ముఖ్యముగా ఈ ఘట్టము కొరకే. విశ్వాసము కూడ పలాయనమే గదా, బాధలు తట్టుకొనలేనివారు దేవుని చాటున దాగుకొంటారు గదా అని చదువుకొన్న యువకులు మమ్మును అడుగుచుంటారు. వారి ప్రశ్నలో నిజము లేకపోలేదు. మాకు తెలిసిన ఒక సహోదరుడు వారములో నాలుగు దినములు ప్రార్థన కూటములకు వెళ్లేవాడు. అతని భక్తిని చూచి మేము సంతోషించాము. తరువాత తెలిసినదేమనగా అప్పులవాండ్లు ఇంటికి వచ్చే వేళకు అతడు ఇంట ఉండకూడదని అలాగు చేసేవాడు. అప్పులవాండ్లకు సమాధానము చెప్పినది పాపము అతని భార్య. మేము కూడ ఆ సహోదరుని అడుగవలసిన ప్రశ్నను సకాలమున అడుగలేదని ఒప్పుకొనుచున్నాము. కాబట్టి గుడి కూడ ఒక సినిమా హాలు కావచ్చును. తేడా ఎక్కడ తెలియును? బయటికి వచ్చిన తరువాత మనము ఎక్కడికి వెళ్తున్నామో అక్కడ తెలియును. భక్తసింగ్ గారు శాంతిని పొంది, తాను ఎక్కువగా భయపడిన ముఖముల యొద్దకే వెళ్లారు. అది పలాయనమైతే అట్లు వెళ్లగలిగేవారు కారు.

మన నగరములో

1930లలో కరాచీ, పంజాబు ప్రాంతములలో ఆయన పరిచర్య విస్తరించినది. 1937లో మార్టిన్‌పూర్‌లో జరిగిన ఉజ్జీవము నేటికిని సంఘ చరిత్రలో చెప్పుకొనబడుచున్నది. తరువాత మద్రాసు వచ్చారు. ఆరంభములో అన్ని మిషనుల గుడులలోను ఆయన బోధించారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా అను పేరుతో వేరుగా సహవాసము మొదలైనది. 1950ల నాటికి మన హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను స్థాపింపబడినది. మొజంజాహీ మార్కెట్ నుండి అది ఎంతో దూరము లేదు.

అక్కడ ఏటేట పరిశుద్ధ సమాజ కూటములు జరిగేవి. తెలుగు జిల్లాలన్నిటి నుండియు, ఇతర రాష్ట్రముల నుండియు వేల మంది వచ్చేవారు. అధికారియు, కూలివాడును ఒకే చాప మీద కూర్చుండి, ఒకే పంక్తిలో భోజనము చేసేవారు. విశ్వాసులు పాటలు పాడుచు నగర వీధులలో ఊరేగింపుగా నడిచేవారు. డబ్బు ఇమ్మని విజ్ఞాపన లేదు. సేవకునికి జీతము లేదు. సహోదరుడు గంటల కొలది మోకాళ్ల మీద ఉండేవారు. మోకాళ్ల మీదనే బైబిలు చదువుకొనేవారు.

ఆయన వేరుపడుట మన సంఘములకు బాధ కలిగించింది. కుటుంబములు చీలినవి. బాప్తిస్మమును గూర్చి, సంఘ క్రమమును గూర్చి ఆయన బోధతో మేము అన్నిటను ఏకీభవింపము. మన సంఘ క్రమము, సంస్కారములు మనకు పితరులు అప్పగించిన ఆస్తి. వాటిని మేము ప్రేమిస్తాము. అయినను నూరేండ్ల పండుగ నాడు ఒక నిజము చెప్పుకొనవలెను. మన గుడి బల్లల మీద నుండి లేచి హెబ్రోనుకు వెళ్లినవారు సిద్ధాంతము కొరకు వెళ్లినవారు కొందరే. ఎక్కువ మంది అలసి వెళ్లారు. తమ పేరు అడిగేవారు, ప్రక్కన మోకరించేవారు, తమ ఇంటి సంగతి విని కంటతడి పెట్టేవారు అక్కడ ఉన్నారని వెళ్లారు. మనము కమిటీలలోను, ఎన్నికలలోను, కోర్టు వ్యాజ్యములలోను మునిగియుండగా వారు మెల్లగా లేచి వెళ్లిపోయారు. వారిని నిందించుటకు ముందు మనలను మనము పరీక్షించుకొనవలెను.

మంచము మీద సాక్ష్యము

భక్తసింగ్ గారి చివరి సంవత్సరములు చాలమందికి తెలియవు. ఆయనకు పార్కిన్సన్ వ్యాధి వచ్చినది. వేలాది జనమును ఉద్దేశించి మాట్లాడిన స్వరము సన్నగిల్లినది. సంవత్సరముల తరబడి మంచము పట్టి, ఇతరుల చేతుల మీద ఆధారపడి జీవించారు. ఆ విధముగా హెబ్రోనులోనే 2000 సెప్టెంబరు 17న, 97 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించారు. నారాయణగూడ సమాధుల తోటలో ఆయనను పాతిపెట్టారు. ఆ దినము నగర వీధులు జనముతో నిండిపోయినవి.

ఇందులో మనకు గొప్ప ఆదరణ ఉన్నది. దేవుని శాంతి పొందినవానికి జబ్బు రాదని ఎవరైన బోధించినయెడల ఆ మంచమును చూపించండి. నరముల జబ్బుకు పరిచర్య చేసే చేతులు కావలసి వచ్చినట్లే, మనస్సు జబ్బుకు కూడ వైద్యుడు కావలసి రావచ్చును. నిద్ర పట్టక, ప్రాణము మీద విరక్తి కలిగి బాధపడేవారిని విశ్వాసము చాలదని నిందించుట పాపము. ఏలీయా బదరీచెట్టు క్రింద చనిపోతే మేలు అనుకొన్నప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, రొట్టెయు నీళ్లును ఇచ్చి లేపాడు, మరల నిద్రపోనిచ్చాడు. మాట్లాడినది ఆ తరువాతనే. ఆస్పత్రికి వెళ్లుట అవిశ్వాసము కాదు. ప్రార్థించి వెళ్లండి, వెళ్లి ప్రార్థించండి. మేమును తోడు వస్తాము.

మనము చేయదగినవి

ఈ జీవితము నుండి మూడు సంగతులు మన ఇండ్లకు తీసికొని వెళ్లుదము. మొదటిది, దినమునకు ఒక్క అరగంట ఫోను వేరే గదిలో పెట్టి, కుటుంబమంతా సువార్తలలో ఒక అధ్యాయము చదువుట. విన్నిపెగ్ గదిలో జరిగినది మన ఇంటి వసారాలోను జరుగగలదు. రెండవది, దాచిన బరువును ఒక్కరికైనను చెప్పుట. భర్త భార్యకు, కొడుకు తండ్రికి, ఎవ్వరును లేనియెడల సంఘ కాపరికి. చెప్పిన మాట మా యొద్దనే ఉండును. మూడవది సంఘమునకు చెందినది. మన గుడి తలుపులు ఆదివారము తెరిచి, ఆరు దినములు తాళము వేసి ఉంచుచున్నాము. ఆఫీసు వదలినవారు, దుకాణము మూసినవారు పది నిమిషములు మౌనముగా మోకరించి పోవడానికి సాయంకాలము తలుపు తెరిచియుంచుదము. లోపల ఒక పెద్ద కూర్చుండి, అడిగినవారితో ప్రార్థించవలెను. దీనికి బడ్జెటు అవసరము లేదు, కమిటీ తీర్మానము కూడ అవసరము లేదు. వంతుల వారీగా వచ్చే ఆరుగురు చాలును.

ఇక మీదట మొజంజాహీ మార్కెట్ మీదుగా ఇంటికి వెళ్లునప్పుడు, బస్సు కదలక గడియారము వైపు చూచి విసుగుకొనే వేళ, ఆ ఓడను జ్ఞాపకము చేసికొనండి. బయటికి పోయే దారి లేక మోకరించిన యువకుని దేవుడు అక్కడే కలిసికొన్నాడు. మన దారి కూడ మూసుకొనిపోయినప్పుడు ఆయన మన ప్రక్కనే ఉన్నాడు. అలసిన మన సంఘస్థులకందరికిని ప్రభువు తన విశ్రాంతిని దయచేసి, రాబోవు నూరేండ్లలో మన గుడులను అలసినవారికి ఆశ్రయములుగా చేయును గాక. ఆమేన్.